పైకి కబుర్లు మోసిన కండక్టరు

మా సంఘంలో అందరికంటే పెద్ద వయసాయన పోయిన గురువారం కోసిగిలో కూతురింట్లో ప్రభువునందు నిద్రించాడు. శుక్రవారం కోడుమూరుకు తెచ్చి మట్టి చేశాము. శనివారం ఉదయం పాస్టరుగారు మా ఇంటికొచ్చి, ఆదరణ కూడికలో చదవడానికి ఆయన జీవిత విశేషాలు ఒక పేజీకి మించకుండా రాసివ్వమన్నారు. "మీ దగ్గర డైరీలున్నాయి కదా సార్, తేదీలతో సహా దొరుకుతాయి" అన్నారు.

ఉన్నాయి. తాలూకా ఆఫీసులో వాన లెక్కలు రాసే గుమాస్తాగా చేరిన నాటి నుంచి ఒక్క రోజు తప్పకుండా రాస్తున్నాను. ప్రతి పేజీలో మొదటి పంక్తి వాన గురించి. మా వైపు ఆ పంక్తికి ఎక్కువ సిరా ఖర్చు కాదు. దాని కింద ఆ రోజు జరిగినవి, నేను చేయవలసినవి, ఇతరులు సరిగ్గా చేయనివి వరుసగా ఉంటాయి. రిటైరయ్యాక సంఘ కార్యదర్శి పని మీద పడడంతో ఆ మూడో రకం బాగా పెరిగింది.

పాస్టరుగారు వెళ్ళాక పాత డైరీలన్నీ బల్ల మీద పెట్టుకొని ఆ పెద్దాయన కోసం వెతికాను. ఆయన పుట్టిన తేదీ లేదు. పెళ్ళి సంగతి లేదు. ఉన్నవి ఇట్లాంటివి: "వాన లేదు. సమాధి కార్యక్రమంలో మళ్ళీ పెట్టె మీద కొట్టాడు. మందలించాలి." "వాన లేదు. మందలించాను. నవ్వాడు." "తుంపర. వచ్చే కోతపండుగకు తాను ఉండనని పదకొండోసారి సాక్ష్యం చెప్పాడు." ఒక మనిషి మీద పద్దెనిమిదేళ్ళ ఫిర్యాదులు, నా చక్కటి చేతిరాతలో. వాటితో పాస్టరుగారి పేజీ నిండదు. అదీగాక ఆ డైరీల్లో ఒక చోట నేను తెలిసి రాసిన అబద్ధం ఒకటుంది. ఆ అబద్ధానికీ ఈ మనిషికీ సంబంధం ఉంది. అందుకని పేజీ సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. రాసినా ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. కండక్టరన్న అంటే చాలు. కర్నూలు నుంచి కోడుమూరు మీదుగా కోసిగి పోయే బస్సులో జీవితమంతా నిలబడి గడిపాడు. సంచి పట్టీ లాగి లాగి ఎడమ భుజం ఒక అంగుళం కిందికి దిగింది. గుళ్ళో కదలని నేల మీద కూడా కాళ్ళు ఎడం చేసి నిలబడేవాడు, మలుపు వస్తుందేమోనన్నట్టు. ముందు బెంచీలో ఎప్పుడూ కూర్చోలేదు. తలుపు పక్కన చివరి బెంచీ ఆయనది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఈయన తలలు లెక్కపెట్టేవాడు. ఆరాధన కాగానే నా దగ్గరికొచ్చి, "డెబ్బై మూడు సారూ" అనేవాడు. నేను అప్పటికే హాజరు పుస్తకంలో డెబ్బై ఒకటి రాసి ఉండేవాణ్ణి. మళ్ళీ లెక్కపెడితే ఆయన అంకే సరిపోయేది. ఇది కూడా నా డైరీలో ఫిర్యాదుగానే ఉంది.

మా మెట్ట పల్లెల్లో ఫోన్లు రాకముందు ఎవరికైనా మాట చేరాలంటే బస్సు ఆపి కండక్టరుకు చెప్పేవాళ్ళు. ఫలానా ఊళ్ళో ఫలానా వాళ్ళకు కాన్పయిందనో, ఆదివారం రావద్దు బావిలో నీళ్ళు లేవనో. కండక్టర్లందరూ ఆ పని చేశారు. తక్కినవాళ్ళు సారాంశం చెప్పేవాళ్ళు. ఈయన మాత్రం మాటను మాటగా, పంపినవాళ్ళ గొంతుతో సహా దించేవాడు. ఏడుస్తూ చెప్పిన మాటైతే మధ్యలో ముక్కు చీదేవాడు. తిట్టు పంపితే తిట్టేవాడు. ఒకసారి నేనూ అదే బస్సులో ఉన్నాను. ఒక పల్లె దగ్గర బస్సు ఆగగానే ఈయన మెట్టు మీద నిలబడి, అంగడి ముందు బీడీ కాలుస్తున్న ఒకతన్ని చూసి ముసలమ్మ గొంతు ఎత్తుకున్నాడు.

"ఏమయ్యా, నా బిడ్డను పుట్టింట్లో వదిలిపెట్టి మూడు నెలలాయె, నీకు సిగ్గుండాదా? వచ్చే సోమారం లోపల రాకపోతే నేనే వచ్చి నీ ఇంటి ముందర కూచుంటా! చుట్టుపక్కల వాళ్ళంతా చూడనీ!"

బస్సులో ఉన్న వాళ్ళమంతా కిటికీల్లోంచి తలలు బయట పెట్టాము. అతను బీడీ పారేశాడు. ఈయన మామూలు గొంతులోకి వచ్చి, "అని మీ అత్త చెప్పమనింది. నాదేం లేదప్పా. రైట్, పోనీ" అని బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ఆ అల్లుడు సోమవారం దాకా ఆగలేదని తర్వాత విన్నాను.

రిటైరయ్యాక ఆయనకు బస్సు పోయింది గానీ చెయ్యి ఊరుకోలేదు. ఎవరి సమాధి కార్యక్రమమైనా, ఇంటి ముందు పెట్టె పైకెత్తగానే వచ్చి పక్క చెక్క మీద మెత్తగా రెండు దెబ్బలు వేసి, "రైట్... పోనీ" అనేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పక్కకు పిలిచి, ఇది మృతులకు అగౌరవమని చెప్పాను. "సరే సారూ" అన్నాడు. తర్వాతి సమాధికి చేతులు కట్టుకొని దూరంగా నిలబడ్డాడు. పెట్టె ఎత్తారు. పాస్టరుగారు పాట అందుకున్నారు. మోసేవాళ్ళు కదల్లేదు. ఎండలో ఆరుగురు పెట్టె భుజాన పెట్టుకొని ఆయన వైపే చూస్తున్నారు. పాట మొదటి చరణం అయిపోయింది. చివరికి పాస్టరుగారు నా వైపు చూశారు. నేను కండక్టరన్న వైపు చూశాను. ఆయన వచ్చి రెండు దెబ్బలు వేశాడు. పెట్టె కదిలింది. ఆ రోజు డైరీలో ఏం రాయాలో తెలియక వాన లేదని మాత్రం రాశాను.

చనిపోయాడు అనే మాట ఆయన నోట వినలేదు. "ముందు బండికి పోయినాడు" అనేవాడు. తన బండి కూడా ఇదిగో అదిగో అని ప్రతి కోతపండుగకు సాక్ష్యం చెప్పేవాడు. ఆ నమ్మకంతోనే పోయినవాళ్ళకు కబుర్లు మోసే పని మొదలైంది. అదెట్లా మొదలైందో నేను కళ్ళారా చూశాను. మా సంఘంలో ఒక రైతు పొలం దగ్గరే గుండె ఆగి పోయాడు. ఆయన భార్య ఏడవలేదు. గోడకానుకొని, "మోటారు స్టార్టరు డబ్బాకు తాళం ఏసి, చెవి యాడ పెట్టి పోయినాడో ఈ మనిషి. చేను ఎండతాండాది" అని అదే మాట అంటూ ఉంది. కండక్టరన్న దగ్గరికి పోయి కింద కూర్చున్నాడు.

"నేనడుగుతా లేమ్మా. నేనెట్లాగూ పోతాండా గదా. తాళంచెవి సంగతేనా, ఇంకేమన్నా చెప్పాల్నా?"

ఆమె తల తిప్పి చూసింది. "ఇంకొకటుండాది" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. రెండు నెలల తర్వాత బజారులో ఆయన కనిపిస్తే అదే మనిషి కేకేసి చెప్పింది: "అన్నా, ఆ తాళంచెవి సంగతి అడగొద్దులే. పగలగొట్టినాం. రెండోది మాత్రం చెప్పు."

మా ఆదరణ కూడిక గురించి కొంచెం చెప్పాలి. సమాధి అయిన వారంలోపు పోయినవాళ్ళ ఇంట్లో సంఘమంతా కూడి, పాడి, ప్రార్థించి, దుఃఖంలో ఉన్నవాళ్ళను వాక్యంతో ఆదరిస్తాము. నేను కార్యదర్శినయ్యే దాకా దానికొక పద్ధతి లేదు. ఎవరికి తోచినంతసేపు వాళ్ళు మాట్లాడేవాళ్ళు. నేను క్రమం రాసి అచ్చు వేయించాను. ప్రారంభ ప్రార్థన మూడు నిమిషాలు, ఆదరణ మాటలు నలుగురికి తలా ఐదు, ప్రసంగం పాతిక, వందన సమర్పణ రెండు, ఆ తర్వాత ప్రేమవిందు. ఆదరణ మాటలు చెప్పే నలుగురిలో నేనెప్పుడూ ఉండేవాణ్ణి. నా ఐదు నిమిషాల మాట ఎప్పుడూ ఒకటే. బాగుంది కాబట్టి మార్చలేదు. నిరీక్షణ లేనివాళ్ళలా మనం ఏడవకూడదు, పోయినవాళ్ళు బాధ లేని చోట ఉన్నారు, కన్నీళ్ళు తుడుచుకోండి. నేను చెబుతున్నంతసేపు సంఘం తలలూపేది. ఆ ఇంటివాళ్ళు మాత్రం నా తల వెనక గోడ గడియారం వైపు చూసేవాళ్ళు. కార్యక్రమం సమయానికి ముగుస్తుందా అని చూస్తున్నారనుకునేవాణ్ణి.

కండక్టరన్న గడప దగ్గర చెప్పుల పక్కన కూర్చునేవాడు. విందు అయి అందరూ వెళ్ళాక ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొని ఆ ఇంటివాళ్ళకు ఎదురుగా వేసుకొని తన ప్రశ్న అడిగేవాడు: "నేనెట్లాగూ పోతాండా గదా. ఏమన్నా చెప్పాల్నా?" జంబుఖానాలు లెక్కపెట్టి చుట్టించే పని నాది కావడంతో ఆ మాటలు నా చెవిన పడేవి.

ఒకసారి కోసిగి నుంచి వచ్చి మా ఊళ్ళో ఉంటున్న ఒకామె కొడుకు, బెంగుళూరులో కట్టుబడి పనిలో కింద పడి పోయాడు. ఆమె మూడు రోజులుగా పచ్చి నీళ్ళు కూడా సరిగ్గా ముట్టలేదు. మా నలుగురి మాటలూ అయ్యాయి. ప్రసంగం అయింది. తర్వాత ఈయన కుర్చీ వేసుకున్నాడు.

"ఆ పొద్దు వాడు రెండు సార్లు ఫోన్ చేసినాడన్నా. నేను చేన్లో ఉంటి. ఫోను ఇంట్లో ఉండె. అమ్మ ఎత్తనిది కావాలని కాదని చెప్పు."

ఆయన వేళ్ళు మడుస్తూ తిరిగి అప్పజెప్పాడు. "నువ్వు చేన్లో ఉంటివి. ఫోను ఇంట్లో ఉండె. కావాలని కాదు. అంతేనా?"

"తిన్నాడా అని అడుగు."

"అడుగుతా. నువ్వు తిన్నావా అని వాడడిగితే ఏం చెప్పాల?"

ఆమె చెయ్యి చాపితే పక్కనున్నవాళ్ళు పళ్ళెం అందించారు.

ఇంకొకాయన తమ్ముడితో పొలం గట్టు దగ్గర తగాదా పడి ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. తమ్ముడు పోయాక, "నాకింకా కోపంగానే ఉండాదని చెప్పు" అని పంపాడు. రెండేళ్ళకు ఆదివారం ఆరాధన నుంచి బయటికొస్తూ, "ఆ మాట మార్చుకో అన్నా, ఇప్పుడు లేదని చెప్పు" అన్నాడు. కండక్టరన్న మార్చుకున్నాడు. బస్టాండు దగ్గర టీ కొట్టు నడిపే ముసల్మాను కూడా ఒకరోజు గ్లాసు కడుగుతూ అడిగాడట, "మా అబ్బాకొక మాట చెప్తావా అన్నా? మాది వేరే లైను గదా." "లైన్లు ఎన్నయినా ఉండనీ. బస్టాండు కట్టించినాయన ఒకడే గదా. చెప్పు" అన్నాడట ఈయన.

ఈ చివరి సంగతి విన్నాక నేను ఊరుకోలేకపోయాను. కమిటీలో పెట్టాను. ఆయన్ను పిలిపించి గుడి పక్క గదిలో కూర్చోబెట్టి, అందరి తరఫున నేనే మాట్లాడాను.

"అన్నా, పోయినవాళ్ళు నిద్రిస్తున్నారు. కడవరి బూర మోగే దాకా లేవరు. వాళ్ళకు మన మాటలు చేరవు. ఇది మన బోధకు విరుద్ధం."

"నిద్రపోతాండారా?"

"అవును."

"అట్లయితే లేచినాకనే చెప్తాలే సారూ. నాకేం తొందర? స్టేజీ వచ్చినాక లేపేది పైనుండే ఆయప్ప పని గదా, లేపనీ."

కమిటీలో ఒకరిద్దరు దగ్గారు. నేను దగ్గలేదు. "అసలు మీరు ముందు పోతారని నమ్మకమేమిటి? మీకు మాట చెప్పినవాళ్ళే కొందరు మీకంటే ముందు పోయారు" అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "అదే సారూ నాకూ దిగులు. శానా మంది కాచుకోనుండారు. నా బండి రాదు" అన్నాడు.

చావు ఇళ్ళలో ఇట్లాంటి ప్రశ్నలు ఇకపై అడగరాదని తీర్మానం రాసి చదివి వినిపించాను. మాటకు కట్టుబడ్డాడు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ అడగలేదు. జనమే ఆయన ఇంటికి పోవడం మొదలుపెట్టారు. అంతకుముందు కొత్తగా చచ్చినవాళ్ళ కబుర్లే పోయేవి. ఇప్పుడు ఇరవై ఏళ్ళ కిందట పోయిన తాతలకు కూడా పోసాగాయి. ఒక సాయంత్రం ఆయన వసారాలో మా కమిటీ అధ్యక్షులవారు ప్లాస్టిక్ కుర్చీలో కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, నేను సందు మార్చి నడిచాను.

ఇక నా అబద్ధం సంగతి.

మా ఇంటామె బద్వేలు మనిషి. మాట తక్కువ, అన్నదంటే సూటిగా ఉంటుంది. కారం అంతకంటే సూటిగా ఉంటుంది. మా పెళ్ళయిన కొత్తలో ఆమె రోట్లో నూరిన ఊరుమిండి పచ్చడి తిని నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "కర్నూలోళ్ళు ఇంతేనా?" అనింది. ఐదేళ్ళ కిందట ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది. కర్నూలులో పరీక్షలు చేయించాము. డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి, గడ్డ బాగా ముదిరిందని, నెలలే మిగిలాయని చెప్పాడు. బయట బెంచీ మీద ఆమె కూర్చొని ఉంది. నేను తలుపు తీసుకొని వచ్చి, "పుండు" అన్నాను.

"పుండేనా?"

"పుండే. కారం మానేస్తే తగ్గుతుంది."

ఆమె సంచి తీసుకొని లేచింది. ఇంటికొచ్చి డైరీలో కూడా పుండనే రాశాను. నేను పొద్దున గుడికి పోయినప్పుడు ఆమె నా డైరీ తీసి చదువుతుందని నాకు తెలుసు. చదివి, నేను రాసిన వాటిలో తప్పులుంటే మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పేది. ఈసారి ఏ తప్పూ చెప్పలేదు. ఆ రోజు నుంచి చప్పిడి కూడు తింది. పెరుగు, గంజి, ఉప్పు వేయని పప్పు. బద్వేలు మనిషి అట్లా తింటుంటే, నా మాట ఎంత బాగా నమ్మిందోనని నాకు ధైర్యంగానూ ఉండేది, సిగ్గుగానూ ఉండేది.

నాకొక్కటే భయం, కండక్టరన్న. ఆయన ఆమెను చూడడానికి వస్తానన్నప్పుడు వీధిలోనే ఆపాను.

"ఆమెకు తెలియదన్నా. మీ ప్రశ్న ఆమెను అడగొద్దు."

"అడగను సారూ."

మంగళవారం, శుక్రవారం నేను మందుల కోసం కర్నూలు పోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి వసారాలో రెండు ఖాళీ టీ గ్లాసులుండేవి. ఏం మాట్లాడాడని అడిగితే, "బస్సు మాటలు" అనేది.

నాలుగు నెలలకు ఆమె వెళ్ళిపోయింది. చివరి వారం మత్తులోనే ఉంది. ఆదరణ కూడిక క్రమం నేనే రాశాను. చనిపోయినామె భర్తను కాబట్టి నేను మాట్లాడకూడదు. నా ఐదు నిమిషాలు సహాయ కార్యదర్శికి ఇచ్చాము. ఏళ్ళ తరబడి విని ఉన్నాడేమో, నా మాటనే పొల్లుపోకుండా చెప్పాడు. కన్నీళ్ళు తుడుచుకోండి అన్న చోట, నేను చెయ్యి ఎత్తినట్టే చెయ్యి కూడా ఎత్తాడు. ఆ మాటను ఎదుట కూర్చొని వినడం నాకు అదే మొదటిసారి. కాసేపటికి చూసుకుంటే, నేను గోడ గడియారం వైపు చూస్తున్నాను. సమయం ఎంతయిందో మాత్రం తెలియలేదు.

అందరూ వెళ్ళాక కండక్టరన్న కుర్చీ ఈడ్చుకొచ్చాడు. "సారూ, అడగమంటావా, వద్దంటావా?"

"వద్దు. తీర్మానముంది" అన్నాను.

"సరే" అని గంటసేపు ఊరికే కూర్చొని పోయాడు.

నిజానికి నా దగ్గర మాటుంది. ఒక్క మాటే. సిద్ధపడి ఉండండి, దీపంలో నూనె చూసుకోండి అని సంఘానికి ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి, నా ఇంటి మనిషికి ఆ సమయం లేకుండా చేశాను. బద్వేలులో చెల్లెలిని పిలిపించుకునేదేమో. ఎవరితోనైనా సమాధానపడేదేమో. ఒంటరిగా ప్రార్థన చేసుకునేదేమో. అవన్నీ ఒక్క "పుండు"తో లాగేసుకున్నాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టే ముందు, ఎవరిని వారు పరీక్షించుకోవాలని సంఘానికి చదివి వినిపించేది నేనే. చదివి కూర్చొని, పుండు అనుకునేవాణ్ణి. నాలుగేళ్ళు అట్లాగే రొట్టె తీసుకున్నాను. ఏడుపు మాత్రం రాలేదు. అబద్ధం చెప్పినవాడికి ఆ మనిషి కోసం ఏడ్చే హక్కు కూడా లేదనిపించేది.

పోయిన నెలలో ఆయనకు బాగా లేదని, కూతురు కోసిగికి తీసుకుపోయిందని తెలిసి చూడడానికి వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండు. కూతురు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. మంచం మీద సగమయ్యాడు. పడుకున్నా ఎడమ భుజం కిందికే ఉంది.

"వచ్చినావా సారూ. ఈ తూరి నిజంగానే బండి వచ్చేటట్టుండాది."

"పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను."

"లేదు సారూ. ఈ తూరి చప్పుడు ఇనపడతాండాది."

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ నేనే ఈడ్చుకొని మంచం పక్కన వేసుకున్నాను.

"అన్నా, నాకొక మాటుంది. తీర్మానం సంగతి తర్వాత చూసుకుందాం."

"చెప్పు."

"అది పుండు కాదని చెప్పు. నాకు ముందే తెలుసని చెప్పు. తెలిసీ దాచినానని, ఆమెను సిద్ధపడనీయలేదని, దానికి... దానికి క్షమించమని చెప్పు."

వేళ్ళు మడిచి తిరిగి అప్పజెబుతాడనుకున్నాను. అప్పజెప్పలేదు. నవ్వాడు. నవ్వు దగ్గయింది. మజ్జిగ తాగించాక గాని మాట రాలేదు.

"ఇది మోసే మాట కాదు సారూ. ఆయమ్మకి తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా. కర్నూల్లో నువ్వు డాక్టరు గది తలుపు తీసుకొని వస్తాంటేనే నీ మొగంలో కనపడిందంట. నన్ను పిలిపించె. 'అన్నా, నీ దగ్గర ఎన్ని మాటలుండాయి?' అని అడిగె. రెండు వందలకి దగ్గరుంటాయమ్మా అంటి. 'నువ్వు చూస్తే పోయేటట్టు లేవు. పాపం ఎంతకాలం కాచుకుంటారు వాళ్ళు? నేను ముందు పోతాండా. అన్నీ నాకిచ్చెయ్' అనె."

"అడగనని మాటిచ్చావు కదన్నా!"

"నేనడగలే సారూ. ఆయమ్మే అడిగె. మంగళవారం, శుక్రవారం కూచోని ఒక్కొక్కటే అప్పజెప్పినా. మళ్ళా నాకే తిరిగి అప్పజెప్పేది, ఆదివారం బళ్ళో పిల్లోళ్ళు వాక్యం చెప్పినట్ల. ఆ ఫోను ఎత్తని తల్లి మాట దగ్గర మాత్రం రెండు దినాలు పట్టె. ఇద్దరం ఏడుస్తాంటిమి. అన్నీ ముగిసినాక ఇద్దరం ప్రార్థన చేసుకుంటిమి. సిద్ధపడలేదంటావేం సారూ? అంత సిద్ధపడి పోయినోళ్ళని నేను చూడలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకునె. 'ఆయన పుండు అని డైరీలో గూడా రాసుకోని నిమ్మళంగా ఉండాడు. ఆ నిమ్మళం చెడగొట్టొద్దన్నా. ఈ చప్పిడి కూడు తింటాండేది దానికే' అనె."

నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాకు ముందు వచ్చింది కోపం. నేను సంఘ కార్యదర్శిని. నా ఇంట్లో, నా వసారాలో, నేను రాసిన తీర్మానాన్ని వారానికి రెండుసార్లు తుంగలో తొక్కారు. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆ నాలుగు నెలలూ ఆమెను నేను ఆదరిస్తున్నాననుకున్నాను. కారం లేని కూడు మూడు పూటలా మింగి ఆమె నన్ను ఆదరించింది. దానికి ఐదు నిమిషాలు సరిపోలేదు, నాలుగు నెలలు పట్టింది. ఒక్క మాట కూడా ఖర్చు చేయలేదు.

"నాకేమన్నా చెప్పి పోయిందా?" అని అడిగాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరవకుండానే మాట్లాడాడు. "నేనే అడిగినా సారూ. సారుకేమన్నా చెప్పాల్నమ్మా అంటి."

మళ్ళీ నోరు తెరిచినప్పుడు వచ్చిన గొంతు ఆయనది కాదు. బద్వేలు గొంతు. తెగవేసినట్టు, కొంచెం విసుగ్గా, చివర కొంచెం మెత్తగా.

"'ఆయనకెందుకన్నా కబురు? ఆయన గూడా ఆడికే వస్తాడు గదా. రానీ. నేనే మాట్లాడతా. శానా మాట్లాడేదుండాది.'"

అందులో నిరీక్షణ ఎంత ఉందో బెదిరింపూ అంతే ఉంది. నేను ఆమెతో కాపురం చేసినవాణ్ణి, నాకు తెలుసు.

ఆయన చెయ్యి కాసేపు పట్టుకొని లేచాను. కోసిగి బస్టాండులో కోడుమూరు బస్సు కోసం కూర్చున్నప్పుడు ఏడుపు మొదలైంది. ఆపాలని గొడుగు పిడి గట్టిగా పట్టుకున్నాను, ఆగలేదు. అదే బెంచీ మీద పనికి వలస పోతున్న ఒక ముసలామె మూటలు పెట్టుకొని కూర్చుంది. కాసేపు చూసి, ఒక మూట కిందికి దించి నాకు చోటిచ్చింది.

"ఎవురు పోయినారప్పా?"

"మా ఇంటామె."

"అయ్యో! ఎప్పుడు?"

"నాలుగేండ్లాయెనమ్మా."

ఆమె నన్ను, నా ఇస్త్రీ చొక్కాను, నా చేతిసంచిని పైనుంచి కింది దాకా చూసింది.

"నాలుగేండ్లా? యాడుంటివప్పా ఇంతకాలం? నీకు ఇప్పుడు తెలిసిందా?"

"ఈ పొద్దే తెలిసిందమ్మా" అన్నాను.